ఇరవై ఏళ్ల నాటి భరణం గ్రాట్యుటీలోంచి కోశారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ఒక ప్రభుత్వ ఆఫీసుల డ్రైవర్‌గ 31 ఏండ్లు పనిచేసి 2025 మే నెలల రిటైర్ అయిన. మా ఆమె పిల్లలను తీసుకొని ఎన్నడో గోదావరి అవతల తెలంగాణల మంథని దిక్కు తల్లిగారింటికి పోయింది. కొడుకుకు 600, బిడ్డకు 600 నెలనెలా ఇయ్యాలని మంథని మెజిస్ట్రేటు కోర్టు 2004 జనవరి నుంచి ఆర్డర్ చేసింది. ఆమెకు విడిగ ఏం లేదు. 2008 దాకా మనియార్డర్లు పంపిన, 41 కూపన్లు నా దగ్గర ఉన్నయి. తర్వాత పంపలే. 2010ల వారంటు వస్తే కరీంనగర్ జైల్ల నెల రోజులు ఉండి వచ్చిన. 2011ల పెద్దమనుషుల్ల కూసొని 60 వేలు ఇచ్చి, ‘ఇగ ఏం లేదు’ అని కాయితం రాసుకున్నం. ఆ తర్వాత కోర్టు మొఖం చూడలే. ఇప్పుడు కోర్టు నుంచి ఆఫీసుకు చిట్టీ వచ్చిందట. 3,08,400 రూపాయల థకబాకీ అని నా గ్రాట్యుటీల రెండు లక్షలు ఆపిండ్రు. మిగిలింది పెన్షన్ల నెలకు 5 వేలు కోస్తమంటున్నరు. కొడుకు 1998 జూన్‌ల, బిడ్డ 2001 మార్చిల పుట్టిండ్రు. ఇద్దరు పెద్దోళ్లయిండ్రు. ఇరవై ఏండ్ల బాకీ ఇప్పుడు చెల్లుతదా? జైలుకు పోయొచ్చినంక కూడ కట్టాల్నా? రిటైర్ అయినోళ్ల కాడ వసూలు చెయ్యొద్దని సుప్రీంకోర్టు తీర్పు ఉందని మా దోస్తు వాట్సాప్‌ల పంపిండు. బిడ్డకు పెండ్లి కుదిరిందని విన్న. ఆమెతోని ఈ పైసల ముచ్చట మాట్లాడొచ్చా?

సమాధానం: అన్నా, మీ ఉత్తరం చదవగానే చట్టం పుస్తకం తీయలేదు, కాలిక్యులేటర్ తీశాను. 3,08,400ని 1,200తో భాగిస్తే సరిగ్గా 257 వస్తుంది. 2004 జనవరి నుంచి మీరు రిటైరైన 2025 మే దాకా ఎన్ని నెలలో లెక్కపెట్టండి. అవీ 257. అంటే ఈ లెక్క వేసినవాళ్లు పిల్లల వయసు చూడలేదు, మీరు కట్టిన ఒక్క రూపాయీ తగ్గించలేదు. ఆర్డర్ మొదటి నెల నుంచి సర్వీసు చివరి నెల దాకా గీత గీసి గుణించేశారు. మీ వివాదం మొదలవ్వాల్సింది ఇక్కడ. ‘ఇరవై ఏండ్ల బాకీ చెల్లుతదా’ అనే దగ్గర కాదు.

మెజిస్ట్రేటు ఆర్డర్, వారంటు, నెల జైలు అన్నారు కాబట్టి ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్ కింద వచ్చిన భరణం అనుకుంటున్నాను. మన వైపు పోటగి అంటాం, అవతలి ఒడ్డున మనోవర్తి అంటారు. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, 125 కాస్తా 144 అయింది. అంకె మారినా మీకు పనికొచ్చే ముక్కలు అవే. ఆ సెక్షన్ కింద పిల్లలకిచ్చే భరణం మైనారిటీ తీరేదాకానే. పద్దెనిమిది నిండాక కూడా సాగాలంటే ఆ బిడ్డ శరీర లోపం వల్లో మానసిక లోపం వల్లో తన్ను తాను పోషించుకోలేని స్థితిలో ఉండాలి. మీ ఉత్తరంలో అలాంటి మాట లేదు.

కొడుక్కి 2016 జూన్‌లో పద్దెనిమిది నిండాయి. 2004 జనవరి నుంచి అప్పటికి 150 నెలలు, 90,000 రూపాయలు. బిడ్డకు 2019 మార్చిలో నిండాయి. 183 నెలలు, 1,09,800. రెండూ కలిపితే 1,99,800. మీరు ఒక్క పైసా కట్టలేదనుకున్నా బాకీ అంతకు మించదు. మిగతా 1,08,600 పిల్లలు పెద్దవాళ్లయ్యాక వేసిన నెలలది. ఆ ముక్కకు పెద్ద వాదన అక్కర్లేదు, ఇద్దరి పుట్టిన తేదీల దాఖలాలు చాలు. బడి టీసీ అయినా సరే.

ఇప్పుడు మీరు కట్టింది. 41 కూపన్లంటే, ఒక్కో కూపన్ 1,200 అయితే, 49,200. అరవై నెలలూ పంపాను అంటారేమో, నమ్ముతాను. కోర్టు మాత్రం 41నే నమ్ముతుంది. మిగతా పంతొమ్మిదింటికి పోస్టాఫీసులో రికార్డు ఇంకా ఉంటుందన్న ఆశ పెట్టుకోవద్దు. నా దగ్గరికొచ్చే మగవాళ్లలో చాలామంది చేతికిచ్చాననో, బావమరిదితో పంపాననో అంటారు. కాగితం లేని ధర్మం కోర్టులో లెక్కకు రాదు. మీరు కూపన్లు దాచుకున్నారు, అది మామూలు విషయం కాదు.

2011 నాటి కాగితం సంగతికొస్తే, అందులో రెండు ముక్కలున్నాయి, రెండింటినీ విడదీసి చూడాలి. ‘ఇగ ఏం లేదు’ అన్న ముక్క మీకు ఆసరా కాదు. అప్పటికి పిల్లలిద్దరూ మైనర్లు. వాళ్ల తిండి ఖర్చును పెద్దమనుషుల ముందు తల్లి వదులుకున్నా కోర్టు దాన్ని పట్టించుకోకపోవచ్చు. ‘60 వేలు ముట్టినయి’ అన్న ముక్క మాత్రం రసీదే. దాని మీద ఆమె సంతకమో వేలిముద్రో ఉంటే, సాక్షుల్లో ఒక్కరైనా బతికి ఉండి వచ్చి చెప్పగలిగితే, 60,000 తగ్గించమని గట్టిగా అడగొచ్చు. అప్పుడు 1,99,800లో 1,09,200 పోను 90,600 మిగులుతుంది. 3,08,400 ఎక్కడ, 90,600 ఎక్కడ!

ఇక మీరు మీకు అనుకూలమని రాసి, నిజానికి మిమ్మల్ని ఇరకాటంలో పెట్టే విషయం ఒకటుంది. జైలు. జైలుకు పోయొస్తే బాకీ మాఫీ అయిపోతుందని మన పల్లెల్లో గట్టి నమ్మకం. కాదు. కట్టించడానికి వాడే ఒత్తిడి అది, బాకీకి బదులు కాదు. 1989లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. పైగా మీరు 2010లో జైలుకు వెళ్లారంటే ఆ సరికే మీ భార్య వసూలు పిటిషన్ వేశారన్నమాట. ఎవరూ అడగకుండా మెజిస్ట్రేటు వారంటు ఇవ్వరు.

దీనికింత ప్రాధాన్యం ఎందుకంటే, 125 సెక్షన్‌లో ఒక గడువుంది. ఏ నెల భరణం బాకీ పడిందో ఆ తేదీ నుంచి ఏడాదిలోపు కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాలి. లేకపోతే దాని కోసం వారంటు ఇవ్వకూడదు. ఇరవై ఏళ్ల బాకీ అని మీరన్నదానికి చట్టంలో ఉన్న అసలు రూపం ఇదే. అయితే ఒకసారి గడువులో దరఖాస్తు వేసి అది నడుస్తుంటే, ఆ తర్వాత పడ్డ నెలల కోసం ఏడాదికోసారి కొత్త దరఖాస్తు వేయనక్కర్లేదని, పాతదాంట్లోనే అడగొచ్చని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో మరో తీర్పులో ఇంకో మాటా అంది. ఏడాది గడువు దాటితే వారంటు దారి మూసుకుపోతుందే కానీ హక్కు చచ్చిపోదు, సివిల్ దారి మిగిలే ఉంటుంది అని.

కాబట్టి మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది: 2010 నాటి ఆ పిటిషన్ ఏమైంది?

పంచాయితీ తర్వాత 2011లో ఆమె దాన్ని వెనక్కి తీసుకొని ఉంటే, లేదా కోర్టు మూసేసి ఉంటే, మళ్లీ ఈమధ్యనే, మీ రిటైర్మెంటు దగ్గరపడ్డాకే కొత్తది వేసి ఉంటే, మీ పరిస్థితి చాలా బాగుంటుంది. కొత్త పిటిషన్ తేదీకి వెనక ఏడాది లోపు నెలలకే వారంటు వస్తుంది, ఆ నెలల్లో పిల్లలిద్దరూ ఎప్పుడో పెద్దవాళ్లు. అంటే ఈ దారిలో వసూలయ్యేది సున్నా. అదే, మీరు ‘కోర్టు మొఖం చూడని’ ఇన్నేళ్లూ ఆ పిటిషన్ పెండింగులోనే ఉండి ఉంటే కథ వేరు. ఉదాహరణకు అది 2010 జూలైలో వేశారనుకోండి. 2009 జూలై నుంచి లెక్క మొదలవుతుంది. కొడుక్కి 84 నెలలు, 50,400. బిడ్డకు 117 నెలలు, 70,200. మొత్తం 1,20,600లో మీ 60 వేలు తీసేస్తే 60,600. ఈ లెక్కలో మీ 41 కూపన్లకు పని లేదు, 2008 నాటి నెలలే అందులోకి రావు కాబట్టి. అయినా పారేయకండి. అంతకు ముందు ఇంకో పిటిషన్ ఉందని అవతలివాళ్లు చూపిస్తే మళ్లీ అవే దిక్కు.

ఆర్డర్ నకలు చేతికొచ్చాక అది మెజిస్ట్రేటు ఆర్డర్ కాదు, సివిల్ డిక్రీ (సివిల్ కోర్టు తీర్పు) అని తేలితే నేను పైన చెప్పిన ఏడాది గడువు వర్తించదు. డిక్రీకి ఒక్కో వాయిదా తప్పిన తేదీ నుంచి పన్నెండేళ్ల గడువుంటుంది. అందుకే నకలు చూడకుండా ఏ వకీలు ధైర్యం చెప్పినా నమ్మొద్దు, నాతో సహా.

దోస్తు పంపిన వాట్సాప్ తీర్పు నాకు నెలకు నాలుగుసార్లు వస్తుంది. అది 2014 నాటిది. ఆఫీసు తన పొరపాటు వల్ల ఎక్కువ జీతం ఇచ్చేసి, రిటైరయ్యాక దాన్ని వెనక్కి లాక్కోవడం గురించి చెప్పింది. భరణానికీ దానికీ సంబంధం లేదు. దాన్ని పట్టుకొని కోర్టుకు వెళితే జడ్జి మొదటి వాక్యంలోనే పక్కన పెడతారు. తర్వాత మీరు చెప్పే మంచి మాటలు కూడా అదే చెవితో వింటారు.

పెన్షన్ జప్తు చేయొచ్చా అన్నది వేరే చర్చ. 1871 నాటి పెన్షన్ల చట్టం 11వ సెక్షన్ అప్పిచ్చినవాడి కోసం పెన్షన్ జప్తు చేయకూడదంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కూడా ప్రభుత్వ పెన్షనర్ల గ్రాట్యుటీని డిక్రీ జప్తు నుంచి తప్పిస్తుంది. వినడానికి బాగుంది కదా. కానీ మన జిల్లా ఏ హైకోర్టు కిందికొస్తుందో గుర్తుచేసుకోండి. భరణం అడిగే భార్య అప్పిచ్చినవాళ్ల లెక్కలోకి రాదు, కాబట్టి 11వ సెక్షన్ అడ్డం పెట్టుకోవడం కుదరదని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచే చెప్పింది. పిల్లల విషయంలో ఇంకా అంతే అనుకోవాలి. గ్రాట్యుటీ మీద వాదన వేయించండి, తప్పు లేదు. దాన్ని ముందు పెట్టుకొని లెక్క తప్పును వెనక్కి నెట్టకండి. గెలిచే రాయి చేతిలో ఉండగా ఆకాశంలోకి విసరడం దేనికి?

చేయాల్సిన పనుల్లో మొదటిది, రెండు రోజుల్లో అవ్వాల్సింది, ఆ రెండు లక్షలు ఇప్పుడు ఎక్కడున్నాయో కనుక్కోవడం. ఆఫీసులోనే ఆపి ఉంచారా, ట్రెజరీ నుంచి కోర్టుకు పంపేశారా, కోర్టు నుంచి ఆమెకు ముట్టిందా? చేతులు మారిన డబ్బును వెనక్కి రాబట్టడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఆఫీసులో ఉంటే, కోర్టులో డిపాజిట్‌గా ఉంటే, విచారణ అయ్యేదాకా విడుదల చేయొద్దని వెంటనే అడగొచ్చు.

ఆఫీసు వాళ్లతో తగాదా పెట్టుకోకండి. కోర్టు ఆర్డర్ నిజంగా ఉంటే గుమాస్తా దాన్ని ఆపలేడు, ఆపితే అతని మెడకు చుట్టుకుంటుంది. మరాఠీలో ఒక పేజీ అర్జీ రాసి, ఏ కాగితం ఆధారంగా కోత పెట్టారో దాని నకలు ఇవ్వమనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అతికిస్తే చాలు. మన రాష్ట్రంలో ఆ దరఖాస్తు ఒకే విషయం మీద 150 మాటల్లోపు ఉండాలన్న నియమం ఉంది. మీ సంసారం కథంతా అందులో రాయకండి. వచ్చిన కాగితం మీద కోర్టు ముద్ర, కేసు నంబరు, మెజిస్ట్రేటు సంతకం ఉన్నాయా చూడండి. అది ఆమె తరఫు వకీలు పంపిన నోటీసే అయితే, దాన్ని చూసి ఆఫీసు సొంతంగా గ్రాట్యుటీ ఆపడానికి అధికారం లేదు. నవ్వకండి, అలాంటివీ చూశాను. మరాఠీ తప్ప రాని ఆఫీసుకు తెలుగులోనో ఇంగ్లీషులోనో కాగితం వస్తే, ఏముందో చదవకుండానే భయపడి కోసేస్తారు.

తర్వాత మంథని. గోదావరి మీద వంతెన లేని రోజుల్లో పడవ దాటి వాయిదాలకు వెళ్లినవారు మీరు, ఇప్పుడు బస్సులో కూర్చుని వెళ్లొచ్చు. అక్కడి కోర్టులో మీ ఎం.సి. (భరణం కేసు) నంబరు మీద మూడు నకళ్లకు దరఖాస్తు పెట్టండి: అసలు ఆర్డర్, 2010 నుంచి ఇప్పటిదాకా వేసిన ప్రతి వసూలు పిటిషన్, వాటి డాకెట్ షీట్లు, అంటే వాయిదా వాయిదాకీ కోర్టులో ఏం జరిగిందో రాసే కాగితాలు. మనం రోజ్‌నామా అంటామే, ఆ డాకెట్‌లోనే మీ జాతకం ఉంది. పిటిషన్ ఎప్పుడు పడింది, ఎప్పుడు మూశారు, మీకు సమన్లు ముట్టాయని ఏ ఆధారంతో రాశారు, అన్నీ తేదీలతో దొరుకుతాయి. వెళ్లే ముందు ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ పేరు కొట్టి చూడండి. పాత కేసులు కొన్ని దొరకవు, దొరికితే ఒక తిరుగుడు తప్పుతుంది.

అభ్యంతరం ఎక్కడ వేయాలన్నది కోత ఆర్డర్ ఎవరిచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. భరణం ఆర్డర్‌ను ఎదుటి మనిషి ఎక్కడుంటే అక్కడి మెజిస్ట్రేటు కూడా అమలు చేయించవచ్చు. మంథని ఆర్డర్‌ను సిరోంచ కోర్టు అమలు చేస్తుంటే మీరు ఏటి అవతలికి పోనక్కర్లేదు. అలా అమలు చేసే మెజిస్ట్రేటు రెండు విషయాలు తేల్చుకోవాలని చట్టంలోనే ఉంది: మనిషి వాడేనా, డబ్బు నిజంగా కట్టలేదా. ఆ రెండోదాంట్లో మీ కూపన్లూ 60 వేల కాగితమూ పిల్లల పుట్టిన తేదీలూ పెడతారు. మీ మాట వినకుండానే ఆర్డర్ అయిపోయి ఉంటే సెషన్స్ కోర్టులో రివిజన్ (ఆ ఆర్డర్‌ను మళ్లీ పరిశీలించమనే పిటిషన్) వేయాలి, దానికి గడువు ఆర్డర్ తేదీ నుంచి 90 రోజులు. అందుకే ఆఫీసుకు ఎప్పుడు వచ్చిందో కాదు, ఆర్డర్ మీద ఏ తేదీ ఉందో చూడమంటున్నాను. 90 దాటితే ఆలస్యం మన్నించమని విడిగా అడగాల్సి వస్తుంది.

వకీలు ఖర్చు భారమైతే సిరోంచ కోర్టులోని తాలూకా న్యాయసేవల కమిటీ దగ్గర అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. మీ సంగతేమిటో మీరు రాయలేదు.

ఒక మాట చెప్పకుండా ఉండలేను, కోపం తెచ్చుకోకండి. ఉత్తరంలో ‘తర్వాత పంపలే’ అని రెండు మాటల్లో దాటేశారు. ఆ రెండు మాటల్లో మీ బిడ్డ రెండో తరగతి నుంచి ఇంటర్ దాకా చదువుంది. అరవై వేలు తీసేసి చూస్తే, ఆ పదేళ్లలో మీరిచ్చింది సున్నా. తప్పుడు లెక్క మీద మీ తరఫున నేనైనా కొట్లాడతాను. సరైన లెక్క తేలాక మిగిలేది మాత్రం మీ బాకీయే. తొంభై వేలో అరవై వేలో తేలితే, అది ఒకేసారి కట్టి రసీదు తీసుకోవడమే మీకు చవక. లోక్ అదాలత్‌లో రాజీ రాసుకోవచ్చు, దాని మీద అప్పీలు ఉండదు. ఇద్దరు పిల్లలూ మేజర్లు కాబట్టి తల్లి ఒక్కరి సంతకం చాలదు, వాళ్లిద్దరివీ తీసుకోండి. మళ్లీ ఇంకో 2011 కాగితం వద్దు.

బిడ్డతో ఈ ముచ్చట మాట్లాడొచ్చా అన్నారు. ఈ ప్రశ్న మీకు చిన్నది, నాకు కాదు. 125 కింద ఆమె హక్కు పద్దెనిమిదితో ఆగింది, నిజమే. హిందువులైతే 1956 నాటి దత్తత, భరణం చట్టం 20వ సెక్షన్ ఇంకోటి ఉంది. పెళ్లికాని కూతురు సొంత సంపాదనతోనో ఆస్తితోనో తన్ను తాను పోషించుకోలేకపోతే తండ్రి ఆమెను పోషించాలి అంటుంది. ఆ చట్టంలో భరణం అన్న మాటకు పెళ్లికాని కూతురి విషయంలో ఆమె పెళ్లికయ్యే సమంజసమైన ఖర్చు కూడా కలుపుకున్నారు. ఇది మెజిస్ట్రేటు దగ్గర దొరికేది కాదు, దీనికి వేరే దావా వేయాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీ బిడ్డ తలుచుకుంటే ఈరోజు కొత్త దావా వేయొచ్చు. పెళ్లి పనుల్లో ఉన్న పిల్లకు ఫోన్ చేసి ‘మీ అమ్మను కేసు వాపస్ తీసుకొమ్మను’ అన్నారనుకోండి, ఆ దావాకు దారి మీరే చూపించినట్టవుతుంది.

ఫోన్ చేయండి. పెళ్లెప్పుడని అడగండి, పిల్లవాడు ఏం చేస్తాడని అడగండి. కేసు మాట ఎత్తకండి, సంతకం అడగకండి. ఆమె ఎత్తితే ‘లెక్క కోర్టులో తేలనీయి బిడ్డా, తేలింది కడత’ అని మాత్రం చెప్పండి. పెళ్లికి ఏమైనా ఇవ్వాలనిపిస్తే ఆమె బ్యాంకు ఖాతాలో వేయండి, చేతికివ్వకండి. బాకీ కింద కాదని కూడా చెప్పండి, లేదంటే రేపు మీ వకీలే దాన్ని బాకీలో తగ్గించమంటాడు, ఆ సంగతి పెళ్లింట్లో తెలుస్తుంది.

మంథని నకళ్లు వచ్చాక మళ్లీ రాయండి, తేదీలు చూసి చెబుతాను. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు కూపన్ల జిరాక్సులు ఇవ్వండి. అసలువి విచారణ రోజున మీ చేత్తోనే కోర్టుకు తీసుకెళ్లండి.